అనకొండల్లో ఆడపాముకూ మగపాముకూ అంత తేడా ఎందుకు?

ప్రశ్న: జీవశాస్త్రం మాస్టారు, ఒంగోలు

సభ్యులందరికీ నమస్కారం. నేను ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. సరీసృపాల పాఠం మొదలుపెట్టిన రోజునే పిల్లలు అనకొండ దగ్గరికి వెళ్లిపోయారు. వాళ్ల ఇళ్లలోని ఫోన్లలో "వంద అడుగుల అనకొండ" అన్న వీడియో ఒకటి తిరుగుతోందట. అది కంప్యూటరులో తయారు చేసిన బొమ్మ అని చెప్పడం తేలికే గాని, "మరి అసలు ఎంత పొడవుంటుంది సార్?" అని అడిగేసరికి నా దగ్గరున్న పుస్తకాలు నాకు పెద్దగా సాయపడలేదు. ఒకదానిలో ఆరు మీటర్లని ఉంటే, ఇంకొకదానిలో పది మీటర్లని, మరొకదానిలో "ఇంకా ఎక్కువే ఉండవచ్చు" అని ఉంది.

అయితే చదువుతున్నకొద్దీ నన్ను ఎక్కువగా పట్టి ఆపింది పొడవు సంగతి కాదు. దక్షిణ అమెరికాలోని గ్రీన్ అనకొండల్లో ఆడపాము మగపాము కన్నా నాలుగైదు రెట్లు బరువు ఉంటుందని ఒకచోట కనిపించింది. మన కొండచిలువల్లో కూడా ఆడదే పెద్దదని తెలుసు గాని, ఒకే జాతిలో ఇంత వ్యత్యాసం ఉంటుందని ఎప్పుడూ వినలేదు. ఇది నమ్మదగిన లెక్కేనా? అయితే దానికి కారణం ఏమిటి? వెనిజులాలోని చిత్తడి మైదానాల్లో వీటి మీద ఏళ్ల తరబడి పరిశోధన జరిగిందని విన్నాను. ఆ వివరాలు తెలిసినవారు రాస్తే పాఠానికి ఎంతో పనికొస్తుంది.

జవాబు: పెన్నేటి గట్టు

మాస్టారూ, ముందు పొడవు సంగతి తేల్చుకుంటే మిగతాది సులువవుతుంది. పుస్తకాల్లోని అంకెలకు పొంతన లేకపోవడానికి ముఖ్య కారణం, పాత లెక్కల్లో చాలా భాగం బతికున్న పాముల మీద కాకుండా ఒలిచిన చర్మాల మీద తీసినవి కావడమే. పచ్చి చర్మాన్ని లాగి, పలక మీద మేకులు కొట్టి ఆరబెడితే అది అసలు పొడవు కన్నా నాలుగోవంతు దాకా, ఒక్కోసారి అంతకు మించి కూడా సాగుతుంది. అంటే పద్దెనిమిది అడుగుల పాము చర్మం గోడ మీదికి ఎక్కేసరికి ఇరవై రెండు అడుగులు దాటవచ్చు, ఆ తరువాత చెప్పేవాడి నోటి చలవతో ఇంకొంత పెరగవచ్చు.

ఇక కళ్లతో చూసి అంచనా వేసిన లెక్కల సంగతి చెప్పనక్కర్లేదు. పెర్సీ ఫాసెట్ అనే బ్రిటిష్ సైనికాధికారి 1907లో బొలీవియా, బ్రెజిల్ సరిహద్దు నదుల్లో తిరుగుతూ 62 అడుగుల అనకొండను కాల్చానని రాసుకున్నాడు. ఆధారంగా చూపడానికి ఏమీ మిగల్లేదు గాని, ఆ అంకె మాత్రం నూరేళ్లు దాటినా ఇంకా తిరుగుతూనే ఉంది. దానికి ఎదురుగా మరో సంగతి పెట్టి చూడండి. ముప్పై అడుగులకు మించిన పామును తెచ్చి చూపినవారికి వెయ్యి డాలర్లు ఇస్తానని అమెరికా అధ్యక్షుడిగా పనిచేసిన థియొడోర్ రూజ్‌వెల్ట్ ప్రకటించాడు. ఆ బహుమతిని న్యూయార్క్ జంతుశాస్త్ర సంఘం తరువాతి కాలంలో పెంచుతూ పోయి చివరికి 50,000 డాలర్లు చేసింది. అంత సొమ్ము ఎదురుగా ఉన్నా దాన్ని అందుకోవడానికి ఒక్కరూ రాలేకపోయారు.

మీరు అడిగిన వెనిజులా పరిశోధన 1992లో మొదలైంది. హెసూస్ రివాస్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు వందలాది గ్రీన్ అనకొండలను ప్రాణాలతో పట్టి, కొలిచి, గుర్తు పెట్టుకుని మళ్లీ వదిలిపెట్టారు. వాటిలో అన్నిటికన్నా పెద్ద ఆడపాము పొడవు ఐదు మీటర్ల పైచిలుకు, అంటే సుమారు 17 అడుగులు, బరువు 97.5 కిలోలు. అంతకన్నా పెద్దవి అమెజాన్ లోపలి భాగాల్లో ఉండవచ్చు. ఆరు మీటర్లు దాటిన పామును చూశామంటే నేను నమ్మడానికి వెనకాడను. ఎనిమిది, పది అంటే మాత్రం టేపు చూపించమంటాను.

వాళ్లు కొలిచే పద్ధతి కూడా పిల్లలకు చెప్పదగినదే. పామును నలుగురైదుగురు కలిసి అదిమి పట్టుకుని, తలకు మేజోడు తొడిగి, పైన అంటుకునే టేపు చుట్టేవారు. కళ్లు మూసుకుపోయి నోరు తెరవలేని స్థితిలో అది కొంత శాంతిస్తుంది. అయినా అంత బలమైన కండరాలున్న జంతువును కర్రలా తిన్నగా సాగదీయడం ఎవరి తరమూ కాదు కనుక, తల నుంచి తోక దాకా వీపు మధ్య గీత వెంట, అది ఎన్ని వంపులు తిరిగితే అన్ని వంపులూ తిప్పుతూ ఒక దారం పరిచి, తరువాత ఆ దారాన్ని కొలిచేవారు. ఒక్కో పాముకు తోక అడుగున పసుపు, నలుపు మచ్చల అమరిక ఒక్కో రకంగా ఉంటుంది కాబట్టి, మళ్లీ దొరికినప్పుడు గుర్తుపట్టడానికి అదీ పనికొస్తుంది.

ఒక్క మాట చేర్చి ముగిస్తాను. పొడవులో మొదటి స్థానం ఆగ్నేయాసియాలోని రెటిక్యులేటెడ్ కొండచిలువది, బరువులో గ్రీన్ అనకొండది. "ప్రపంచంలో అతి పెద్ద పాము" అని ఊరికే అంటే ఏ కొలతలో అన్నది కూడా చెప్పవలసి ఉంటుంది.

జవాబు: తుంగపొద

ఆడ, మగ తేడా గురించి నాకు తెలిసినది రాస్తాను. మీరు చదివిన లెక్క నిజమే. వెనిజులాలో కొలిచిన ఎదిగిన పాముల్లో మగవాటి సగటు బరువు ఏడు కిలోల ప్రాంతంలో ఉంటే, ఆడవాటిది ముప్పై కిలోలు దాటింది; పొడవులో సగటున మగపాము రెండున్నర మీటర్లకు కాస్త ఎక్కువ, ఆడపాము మూడున్నర మీటర్లకు పైన. రివాస్, గోర్డన్ బర్గార్ట్ కలిసి 2001లో ప్రచురించిన వ్యాసంలో ఆడపాము బరువు మగపాముకు 4.7 రెట్లని లెక్కగట్టారు. నేల మీద బతికే వెన్నెముక జంతువుల్లో, ఆడది పెద్దదిగా ఉండే జాతులను తీసుకుంటే, ఇంత వ్యత్యాసం మరెక్కడా నమోదు కాలేదని వారి మాట.

కారణం అర్థం కావాలంటే ముందు ఆ నేల ఎలాంటిదో చూడాలి. ఒరినోకో నదికి పడమటి వైపున, వెనిజులాలోని అపూరే రాష్ట్రంలో, లానోస్ అనే గడ్డి మైదానం కనుచూపు మేర పరుచుకుని ఉంటుంది. మే నుంచి నవంబరు దాకా కురిసే వానలకు అది మోకాలి లోతు నుంచి నడుము లోతు దాకా నీళ్లలో మునుగుతుంది, డిసెంబరు దాటాక ఎండడం మొదలై మార్చి నాటికి పశువుల రేవులు, చెరువు గుంటలు, వాగుల్లోని మడుగులు మాత్రమే మిగులుతాయి. వానాకాలంలో నీళ్లన్నిటా చెదిరిపోయిన పాములు, నీటి పక్షులు, కాపిబారాలనే పెద్ద ఎలుకజాతి జంతువులు, కైమన్ మొసళ్లు అన్నీ ఎండాకాలంలో ఆ కాసిన్ని నీళ్ల దగ్గరికి చేరక తప్పదు. అందుకే పరిశోధకులు ఎండాకాలంలోనే పని చేశారు. గుర్రపుడెక్క కప్పిన బురద గుంటల్లోకి ఉత్త కాళ్లతో దిగి, చేతికర్రతో పొడుస్తూ, అరికాలికి మెత్తగా, బలంగా తగిలేదేదో పాదంతోనే పోల్చుకుంటూ పామును వెతికేవారు. ముదురాకుపచ్చ వీపు మీద గుండ్రటి నల్ల మచ్చలున్న ఆ పాము, కళ్లూ ముక్కుపుటాలూ తల పైభాగాన ఉండటం వల్ల, తక్కినదంతా నీట దాచి వాటిని మాత్రం పైకి పెట్టుకుని గంటల తరబడి కదలకుండా ఉండగలదు. రెండు అడుగుల దూరం నుంచి చూసినా ఆకుల మధ్య ఆనదు.

జత కట్టే కాలం కూడా ఈ ఎండాకాలమే. ఆడపాము లోతు తక్కువ నీటిలో ఒకచోట ఉండిపోతుంది, మగపాములు దాని వాసన పట్టి నాలుకలు ఆడిస్తూ వెతుక్కుంటూ వస్తాయి. ఒకటి కాదు, మూడు నాలుగు రావడం మామూలు. పన్నెండు, పదమూడు మగపాములు ఒకే ఆడపామును చుట్టుకుని ముద్దగా ఉన్న సందర్భాలు నమోదయ్యాయి. ఆ ముద్ద అలాగే రెండు వారాలు, ఒక్కోసారి నాలుగు వారాలు కూడా ఉంటుంది. అవి ఒకదాన్నొకటి కరుచుకోవు. ఎవరి తోక ఆడపాము తోక దగ్గరికి చేరుతుందన్నదే పోటీ కాబట్టి, మెల్లగా, గంటల కొద్దీ ఒకదాన్నొకటి తోసుకుంటాయి. మగపాములకు తోక మొదట్లో రెండు పక్కలా చిన్న ముళ్లుంటాయి. పూర్వికుల వెనక కాళ్లకు మిగిలిన ఆనవాళ్లవి. వాటితో ఆడపామును గీరుతూ ఉంటాయి.

ఇక్కడే మీ ప్రశ్నకు ఆసక్తికరమైన జవాబు ఉంది. తోపులాటలో గెలవాలంటే మగపాము పెద్దదిగా ఉండటమే లాభం కదా, మరి ఎందుకు పెరగలేదు? రివాస్, బర్గార్ట్ ప్రతిపాదించినదేమంటే, ఆ బురదనీటి ముద్దలో ఒక పాము మరో పామును కంటితో కాదు, ఒంటికి తగిలిన స్పర్శతోనూ వాసనతోనూ పోల్చుకుంటుంది. ఆడ మగ అన్న తేడా పోల్చుకోవడంలో ఒంటి లావు కూడా ఒక గుర్తు. మగపాము మరీ పెద్దదైతే మిగతా మగపాములు దాన్నే ఆడపాము అనుకుని చుట్టుకుంటాయి, దాంతో దాని కాలమంతా వృథా అవుతుంది. కాబట్టి చిన్న మగపాముల కన్నా కాస్త పెద్దదిగా ఉండటం మేలే గాని, ఒక హద్దు దాటితే నష్టం. ఇది ప్రతిపాదన మాత్రమే, ప్రయోగంతో రుజువు చేయడం కష్టం; అయినా పాము తరఫున ఆలోచించి చెప్పిన కారణం కనుక నాకు ఇది బాగా నచ్చుతుంది.

ఆడపాము పెరగడానికి కారణం ఇంత చిక్కు కాదు. ఎంత పెద్ద ఒళ్లయితే అన్ని ఎక్కువ పిల్లలు, అంతే. సాధారణంగా ఒక కాన్పుకు ఇరవై నుంచి నలభై పిల్లలు పుడతాయి, బాగా పెద్ద పాముకు ఇంకా ఎక్కువ పుట్టవచ్చు. చూలు ఆరేడు నెలలు. ఆ కాలమంతా ఆడపాము దాదాపు ఏమీ తినదు; తన ఒంట్లోని కొవ్వే ఆధారం. కడుపు నిండా పిల్లలున్నప్పుడు కైమన్‌తోనో కాపిబారాతోనో పెనుగులాడితే గాయపడే ప్రమాదం ఉంది కాబట్టి వేట మానుకుంటుందని పరిశోధకులు చెబుతారు. ఆ పెద్ద పాముల ఒంటి మీది మచ్చలు చూస్తే ఆ మాటలో నిజముందనిపిస్తుంది. కాపిబారా పళ్ల గాట్లు, మొసలి కరిచిన చోట్లు కనిపిస్తూనే ఉంటాయి. నవంబరు, డిసెంబరు ప్రాంతంలో కన్న తరువాత దాని చర్మం మడతలు పడి ఖాళీ గోనెసంచిలా వేలాడుతుంది. మళ్లీ ఆ ఒళ్లు చేసుకోవడానికి ఏడాదో, అంతకన్నా ఎక్కువో పడుతుంది కనుక చాలా ఆడపాములు ఏటా జత కట్టవు.

ఇంకొకటి, ఆడపాము అప్పుడప్పుడు తనతో జత కట్టిన మగపామునే మింగేస్తుంది. ముందు ఏడు నెలల ఉపవాసం ఉన్నదానికి అది ఆఖరి భోజనంగా పనికొస్తుందని అనుకోవచ్చు. మగవాడు చిన్నగా ఉండటంలో ఈ నష్టం కూడా ఉంది మరి.

ప్రశ్న అడిగినవారు: జీవశాస్త్రం మాస్టారు, ఒంగోలు

తుంగపొద గారికీ, పెన్నేటి గట్టు గారికీ కృతజ్ఞతలు. మగపాము పెరగకపోవడానికి చెప్పిన కారణం నేను ఊహించనిది. పిల్లలు అడిగినవి ఇంకో రెండున్నాయి. ఒకటి, విషం లేని పాము అంత పెద్ద జంతువును ఎలా చంపుతుంది, ఎముకలు విరగ్గొట్టి చంపుతుందన్నది నిజమేనా, మనిషిని మింగుతుందా? రెండోది, మన కొండచిలువ గుడ్లు పెట్టి పొదుగుతుందని పాఠంలో ఉంది. అనకొండ మాత్రం పిల్లలను కనడం నీళ్లలో గుడ్లు నిలవవు కాబట్టేనా?

జవాబు: పెన్నేటి గట్టు

మొదటిదానికి క్లుప్తంగా చెబుతాను. ఎముకలు విరగడం వేటలో భాగం కాదు. ఊపిరాడక చనిపోతుందన్నది కూడా పాత నమ్మకమే. 2015లో అమెరికాలో స్కాట్ బొబాక్ బృందం అనకొండకు దగ్గరి బంధువైన బోవా పాముతో, మత్తిచ్చిన ఎలుకల మీద ప్రయోగం చేసి చూసింది. పాము చుట్టు బిగించిన కొన్ని సెకన్లలోనే ఎలుక ధమనుల్లో రక్తపోటు సగానికి పడిపోయింది, రక్తం ఆడక గుండె లయ తప్పింది. ఊపిరి ఆగడానికి పట్టేంత సమయం కూడా దానికి అవసరం లేకపోయింది. అదే బృందం అంతకుముందు చేసిన మరో ప్రయోగంలో, పట్టుకున్న జంతువు గుండె కొట్టుకోవడం ఆగగానే బోవా ఆ సంగతి పసిగట్టి పట్టు సడలిస్తుందని తేలింది. బిగించడానికి పాముకూ శక్తి ఖర్చవుతుంది కదా. అనకొండకు నీళ్లలో వేటాడేటప్పుడు వేటను ముంచే వీలు అదనంగా ఉంటుంది.

మనుషుల సంగతికి వస్తే, అనకొండ మనిషిని మింగినట్లు శాస్త్రీయంగా నిర్ధారించిన ఘటన లేదు. ప్రయత్నమే చేయదని మాత్రం అనలేం. వెనిజులాలో పనిచేస్తున్నప్పుడు తమ బృందంలోనివారినే పెద్ద ఆడపాములు వేటగా భావించి దాడికి దిగిన సందర్భాలను రివాస్ 1998లో నమోదు చేశారు. మనిషిని మింగిన పాము అంటే అది రెటిక్యులేటెడ్ కొండచిలువ. ఇండోనేషియాలోని సులవేసిలో 2017లో అలాంటిది జరిగింది.

జవాబు: ఎర్రనేల రైతు

రెండో ప్రశ్నకు నేను రాస్తాను. నీళ్లలో ఉంటుంది కాబట్టి పిల్లలను కంటుందన్న వివరణ వినడానికి బాగుంటుంది గాని, మన చుట్టూ చూస్తే అది నిలవదు. మన మెట్ట పొలాల్లో, ఇసుక నేలల్లో రెండు తలల పాము ఉంటుంది కదా, తోక మొద్దుగా తలలాగే కనిపించేది, గుప్తనిధులు చూపిస్తుందనో మందులకు పనికొస్తుందనో అమాయకులను నమ్మించి దొంగతనంగా అమ్ముతూ పట్టుబడినట్లు వార్తల్లో తరచూ వస్తుంటుంది. అది బోవాల వర్గానికి చెందినదే, పొడి నేలలోనే బతుకుతుంది, అయినా పిల్లలనే కంటుంది. రక్తపింజరకు నీటితో పనే లేదు, అదీ పిల్లలనే కంటుంది. అటు నీళ్లలోనే ఉండే మన నీరుకట్టె పాము గుడ్లు పెడుతుంది. అంటే అనకొండకు ఈ లక్షణం నీళ్లలోకి వెళ్లాక వచ్చినది కాదు, బోవాల్లో ముందు నుంచీ ఉన్నదే.

అయితే నీళ్లలో బతకడానికి ఆ లక్షణం బాగా కలిసి వచ్చిందనడంలో అభ్యంతరం లేదు. కొండచిలువ గుడ్లు పెట్టాక వాటి చుట్టూ చుట్టుకుని, ఒళ్లు అదేపనిగా కదుపుతూ వేడి పుట్టించి రెండు నెలలు కాపలా కాస్తుంది. లానోస్‌లో వాన పడితే గట్టు కూడా మునుగుతుంది, అలాంటిచోట రెండు నెలలు కదలకుండా ఉండటానికి చోటెక్కడిది? గుడ్లు కడుపులోనే ఉంటే తల్లి వాటిని వెంటబెట్టుకుని నీళ్లు పెరిగితే పైకి, ఎండ కావాలంటే ఒడ్డుకు వెళ్లగలదు. చూలుతో ఉన్న అనకొండలు ఒడ్డున ఎండ కాగుతూ కనిపించడానికి కారణం ఇదే. పుట్టిన పిల్ల రెండు, రెండున్నర అడుగులుంటుంది, పావు కిలో తూగుతుంది, ఆ క్షణం నుంచి దాని బతుకు దానిదే. తల్లి చూడదు. కైమన్లు, కొంగజాతి పక్షులు, గద్దలు తినగా మిగిలినవే పెద్దవవుతాయి.

మగపాము లేకుండానే పిల్లలు పుట్టిన సంగతి కూడా పిల్లలకు చెప్పండి, వాళ్లకు నచ్చుతుంది. బోస్టన్‌లోని న్యూ ఇంగ్లండ్ ఆక్వేరియంలో 2019లో, ఎప్పుడూ మగపామును కలవని ఒక గ్రీన్ అనకొండ పిల్లలను కన్నది. చాలా వరకు చనిపోయి పుట్టినా, బతికిన వాటిని జన్యు పరీక్ష చేస్తే తల్లి ఒక్కదాని నుంచే వచ్చినవని తేలింది.

జవాబు: ఫ్లోరిడా తెలుగువాడు

పాఠంలో శాస్త్రీయ నామం రాయవలసి వస్తుంది కాబట్టి ఒక సంగతి చేరుస్తాను. 2024 ఫిబ్రవరిలో రివాస్, ఆస్ట్రేలియాకు చెందిన బ్రయన్ ఫ్రై, మరికొందరు కలిసి గ్రీన్ అనకొండలు ఒక జాతి కాదు, రెండు అని ప్రకటించారు. వెనిజులా, ఈక్వడార్, గయానా వంటి ఉత్తరాది దేశాల పాములకూ, బ్రెజిల్, పెరూ వైపు పాములకూ కణాల్లోని మైటోకాండ్రియా అనే భాగానికి ఉండే డీఎన్ఏలో 5.5 శాతం తేడా ఉందని చెప్పి, ఉత్తరాది వాటికి యునెక్టిస్ అకయిమా అని పేరు పెట్టారు. పత్రికలన్నీ "ప్రపంచంలో అతి పెద్ద కొత్త పాము" అని రాశాయి గాని, పాము కొత్తది కాదు, పేరు మాత్రమే కొత్తది. చూపుకు రెండూ ఒకటే. వెంటనే అభ్యంతరాలు వచ్చాయి. మైటోకాండ్రియా ఒక్కదాన్నే ఆధారంగా తీసుకోవడం చాలదని కొందరు, ఈ పాములకు పాతకాలంలో పెట్టిన పేర్లను సరిగా పరిశీలించకుండా కొత్త పేరు పెట్టడం నామకరణ నియమాలకు విరుద్ధమని మరికొందరు వాదించారు. నా ఉద్దేశంలో రెండో అభ్యంతరం గట్టిది.

నేనుండే రాష్ట్రంలో పెంపుడు పాముల వ్యాపారం వల్ల తప్పించుకున్న బర్మా కొండచిలువలు ఎవర్‌గ్లేడ్స్ చిత్తడిలో స్థిరపడి ఎంత నష్టం చేస్తున్నాయో అందరికీ తెలుసు. గ్రీన్ అనకొండలు కూడా అడపాదడపా దొరికాయి, అందుకే 2015లో అమెరికా ప్రభుత్వం దీని దిగుమతిని నిషేధించింది. మన దేశంలోనూ ఈ వ్యామోహం లేకపోలేదు. 2024 ఏప్రిల్‌లో బెంగళూరు విమానాశ్రయంలో బ్యాంకాక్ నుంచి వచ్చిన ఒక ప్రయాణికుడి పెట్టెలో పది పసుపు అనకొండలు దొరికాయి. పిల్లలకు నిజమైన గ్రీన్ అనకొండను చూపించాలంటే మైసూరు జూకు తీసుకెళ్లవచ్చు, శ్రీలంక జూ నుంచి తెచ్చినవి అక్కడ పెట్టారు. బయలుదేరే ముందు ఒకసారి జూకు ఫోన్ చేసి కనుక్కోండి.

చార్టు మీద ప్రస్తుతానికి గ్రీన్ అనకొండ, యునెక్టిస్ మ్యూరినస్ అని రాస్తే సరిపోతుంది. లిన్నేయస్ 1758లో పెట్టిన ఆ జాతి పేరును ఎవరూ తప్పనరు. అకయిమా పేరు పక్కన పెన్సిల్‌తో రాసి ఉంచండి.